చీమలు కాదు, బల్లి

నవంబరు 4, సోమవారం

చీమలు కాదు, కాంగ్. బల్లి.

పెళ్లయినప్పటినుంచీ నిన్ను మీ సుండా పద్ధతిలో 'కాంగ్' అని పిలిచాను, నువ్వు నన్ను మా జావా పద్ధతిలో 'జెంగ్' అన్నావు. నలుగురిలో ఇన్నేళ్లూ నిన్ను 'మీరు' అన్నాను. ఇక్కడ చదివేవాళ్లెవరూ లేరు, 'నువ్వు' అంటాను. నువ్వు పడిపోయిన రోజు పొద్దున సురబీ అట్టు తుంచి నోట్లో పెట్టుకుంటూ నువ్వన్న ఆఖరి మాట, "ఎన్నిసార్లు చెప్పాలి జెంగ్, ఆ మీటర్లో ఉన్నవి చీమలు." అది బల్లి ఎందుకయిందో నేను మొదటినుంచీ చెప్పాను. చెప్పడం అయ్యేదాకా నువ్వు కళ్లు మూసుకుని కూర్చున్నావు. కాగిన నీళ్లు దించి వచ్చేసరికి పళ్లెం కింద పడి ఉంది. నీ నోరు ఒక పక్కకు జారిపోయింది.

వాదన మధ్యలో లేచిపోయే అలవాటు నీకు ఎప్పుడూ లేదు. కాబట్టి దీన్ని వాయిదా అనే అనుకుంటున్నాను.

ఆస్పత్రి నుంచి వచ్చాక నీ మంచం ముందు గదిలో వేయించాను, కిటికీ పక్కన. కుడివైపు కదలదు. మాట లేదు. ఎడమ చూపుడు వేలు మాత్రం పనిచేస్తోంది. దాంతో మంచం పట్టీ మీద కొడతావు. ఒక దెబ్బ కొడితే అవునని. ఈ ఒప్పందం ఎప్పుడు కుదిరిందో గుర్తులేదు కానీ చక్కగా నడుస్తోంది.

"గంజి వేడిగా ఉందా?" టక్.

"కిటికీ తెరవనా?" టక్.

"నేను చెప్పిందే నిజం కదూ, బల్లే కదూ?" టక్.

నలభై ఏళ్లకు ఒప్పుకున్నావు. ఇవాళ్టికి ఇది చాలు.


నవంబరు 5

ఇమాస్ మంచి మనిషే. గరూత్ వైపు ఆవిడ, యాభై దాటింది, నర్సు పనిలో చెయ్యి తిరిగినది. నిన్ను పక్కకు తిప్పడం నాకంటే బాగా చేస్తుంది. అది నాకు నచ్చలేదని రాయడానికి మాత్రమే ఈ పేజీ తెరిచాను.


నవంబరు 6, బుధవారం

ఇవాళ మధ్యాహ్నం వాన కొండల మీద ముందు మొదలైంది. కిటికీలోంచి చూస్తూ నీకు కథ చెప్పాను. ఎందుకు చెప్పానో నీకు తెలుసు.

మన పరిచయంలో వాన ఎప్పుడూ నీ వైపునుంచే వచ్చేది. నేనిక్కడ బాండుంగ్ కంట్రోల్ గదిలో, నువ్వక్కడ చితెరాతై సబ్‌స్టేషన్లో. తేయాకు తోటల పైన ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రం, దాని పక్కన నీ సబ్‌స్టేషన్, అక్కడి నుంచి కిందికి దిగే ఒకే ఒక్క లైను. ఫోన్లో నీ మాటకు ముందు రేకుల మీద వాన చప్పుడు వినిపించేది. ఇక్కడ ఎండ కాస్తూ ఉండేది. నేను లేచి నా గొడుగు తలుపు దగ్గర పెట్టుకునేదాన్ని. మా గదిలో వాళ్లు నన్ను శకునాల మనిషి అనుకున్నారు.

మా ఉద్యోగం ఏమిటని మా అమ్మ అడిగితే చెప్పలేకపోయేదాన్ని. లైన్లు మేము చూడం. ఆ గదికి కిటికీలే లేవు. పడమటి జావా అంతటా ఉన్న మీటర్ల నుంచి అంకెలు వస్తాయి. ప్రతి మీటరూ ఎంతో కొంత తప్పు చెబుతుంది. అబద్ధాలాడే సాక్షులందరినీ ఒకచోట కూర్చోబెట్టి, అందరి మాటా కలిపి, అక్కడ నిజంగా ఏం జరుగుతోందో తేల్చడం మా పని. కాగితాల మీద దాని పేరు స్థితి అంచనా. ఒకే తీగను రెండు మీటర్లు రెండు చివర్ల నుంచి చూస్తుంటే, ఒకటి తప్పు చెప్పగానే రెండోది దాన్ని పట్టిస్తుంది. ఏ మీటరూ లేని చోటు మాకు కనబడదు. తెర మీద ఆ మేర బూడిద రంగులో ఉంటుంది.

చితెరాతై చాలాకాలం బూడిద రంగే. మీటరు బిగించిన మర్నాడు నువ్వు ఫోన్ చేశావు.

"ఇంజినీరమ్మ గారూ, ఇవాళ మేము కనిపిస్తున్నామా?"

"పన్నెండు మెగావాట్ల మేరకు కనిపిస్తున్నారు."

"ముఖం కూడానా?"

"ముఖానికి ఇంకా మీటరు పెట్టలేదు."

గది అంతా విన్నది. మా ఆఫీసు పెద్దాయన దగ్గాడు. ఆ తర్వాత నువ్వు ప్రతి పూటా అదే అడిగావు, మేము కనిపిస్తున్నామా అని. పెళ్లయ్యాక కూడా, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

కథ అంతా విని అలసిపోయావు. బల్లి దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూతపడ్డాయి. తొందరగా అలసిపోతారని డాక్టరు చెప్పనే చెప్పాడు.


నవంబరు 7

టీ సగం తువ్వాలుకే పోయింది. మింగడం కష్టమవుతోంది కాబోలు.

నీకు నా టీ అంటే ఎంత ఇష్టమో. మా క్లాతెన్‌లో పంచదార లేని టీ ఇస్తే అతిథి లేచిపోతాడు. మీ సుండా వాళ్లు ఆకు నీళ్లు కాచి అదే టీ అంటారు. పెళ్లయి వచ్చిన వారంలో నేను పెట్టింది చూసి మీ అమ్మ, "ఇది టీయా, పాకమా?" అంది. నువ్వు కిమ్మనకుండా గ్లాసు ఖాళీ చేసి నా చేతికిచ్చావు. ఆ పూటనుంచీ రెండు చెంచాలు. ఇప్పుడూ రెండే వేస్తున్నాను. నోరు లేని మనిషికి పాత అలవాట్లే ఆధారం.


నవంబరు 9, శనివారం

రాతిహ్ జకార్తా నుంచి వచ్చింది. నీకు కొత్త చొక్కాలు తెచ్చింది, ముందు గుండీలవి. నాకు నడుం పట్టీ తెచ్చింది. ఇదొక కూతురు.

"ఇబు, ఆ గది నెలాఖరు దాకే ఉంచుతామన్నారు."

"ఏ గది?"

"తెలియనట్టు అడక్కు. మా ఇంటికి దగ్గర. నర్సులుంటారు, డాక్టరు రోజూ వస్తాడు."

"నాకు మంచం వేస్తారా అందులో?"

"రోగులకే. నువ్వు వారం వారం రైల్లో రావచ్చు. నిన్న బాపక్‌ని లేపబోయి గోడ పట్టుకున్నావట, ఇమాస్ చెప్పింది."

"ఇమాస్ జీతం ఎవరిస్తున్నారో కనుక్కోవాలి." ఇలా అని నీ దగ్గరికి వచ్చాను. "మీ నాన్ననే అడుగుదాం. మనింట్లోనే ఉంటారు కదూ?"

టక్.

"విన్నావా?"

రాతిహ్ నీ పక్కన వంగింది. "బాపక్, నాతో జకార్తా వస్తావా?"

టక్.

అది మర్యాద. కూతురు మొహం మీద కాదనలేవు, చిన్నప్పటినుంచీ అంతే. నేను రాతిహ్‌కు అదే చెప్పాను. అది వాదించలేదు. వాదిస్తే బాగుండేది.

"డాక్టరు అంటున్నది ఇదే, ఇబు. మాటలు ఆయనకు అందడం లేదు. ఆ వేలు ఊరికే ఆడుతోంది. అందుతున్నాయని తెలిస్తే నేనే ఇక్కడికి సెలవు పెట్టి వస్తాను. అందనప్పుడు ఏ గదయితే ఏంటి, చెప్పు?"

పోయేటప్పుడు నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. నెలాఖరులోపు మళ్లీ వస్తానంది.


నవంబరు 10, ఆదివారం

చితెరాతైకి ప్రశంసాపత్రం వచ్చిన సంగతి గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు.

ఏడాది చివర అన్ని మీటర్ల లెక్కా తీశాం. ప్రతి మీటరు చెప్పినదానికీ, మేము తేల్చినదానికీ మధ్య తేడా ఎంత అని. నగరం నడిబొడ్డున ఉన్న ఖరీదైన మీటర్లకు కూడా తేడాలున్నాయి. పడమటి జావా మొత్తంలో తేడా సున్నా వచ్చింది ఒక్క చితెరాతైకే. ఒక్కసారి కూడా తప్పు చెప్పని మీటరు. పెద్దాయన మురిసిపోయాడు. పత్రం అచ్చు వేయించి, చట్రం కట్టించి, జీపులో పంపాడు. నువ్వు దాన్ని ఆ మీటరు పక్కనే గోడకు కొట్టించావు.

తర్వాత స్తంభాలకు రంగు వేయడానికి ఆ లైను ఆపాం. నా చేత్తోనే రాసుకున్నాను, లైను ఆపినట్టు. తెర మీద చూస్తే చితెరాతై పన్నెండు మెగావాట్లు పంపుతోంది. ఫోన్ చేశాను.

"కర్ణ గారూ, లైను ఆపాం కదా?"

"ఆపాం. మనుషులు స్తంభం మీద కూర్చుని అన్నం తింటున్నారు."

"మరి మీ మీటరు పన్నెండు అంటోందేం?"

"మా మీటరు అబద్ధం చెప్పదండీ. మీరే పత్రం ఇచ్చారు."

మీటరు ముల్లు ఇరుక్కుపోయింది, చీమలకో బల్లికో. ఎన్నాళ్ల క్రితమో ఇరుక్కుంది. కాలువలో నీళ్లు ఎప్పుడూ ఒకేలా పారతాయి కాబట్టి అంకె మారకపోయినా ఎవరికీ అనుమానం రాలేదు. తేడా సున్నా ఎందుకొచ్చిందంటే, ఆ లైను మీద ఉన్నది అదొక్కటే. ఒక్కటే ఉన్నప్పుడు అది ఏం చెబితే అదే మా లెక్క. కాదనడానికి రెండోది లేదు. ఒంటరి మీటరు ఎప్పుడూ తప్పు చెప్పదు, ఎందుకంటే

టీ మరిగిపోతోంది.


నవంబరు 12

ఇవాళ కాదు.


నవంబరు 13

ఇవాళా కాదు. వాన. నీ చొక్కాలు ఆరలేదు, వాటి పని చూడాలి.


నవంబరు 14, గురువారం

ఇమాస్ బజారుకు వెళ్లినప్పుడు తలుపు వేసి వచ్చి నీ పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్లూ నేను నిన్ను అడిగినవన్నీ అవును అనదగ్గ ప్రశ్నలే. పరీక్ష రాసే పిల్లవాడికి జవాబు ముందే చెప్పేసి, మార్కులు వేసుకుని మురిసిపోయాను.

"మీ పేరు సుపోమో కదా?"

టక్.

"మనకు ఆరుగురు పిల్లలు కదా?"

టక్.

"నేను బాండుంగ్‌లోకెల్లా అందగత్తెను కదా?"

టక్.

ఆఖరిదాన్ని లెక్కలోంచి తీసేస్తున్నాను. దానికి అవునంటే తప్పేమీ లేదు. మిగతా రెండు అబద్ధాలకూ అవునన్నావు, అది చాలు.


నవంబరు 15

నీ వేలూ పన్నెండు మెగావాట్లే.


నవంబరు 17, ఆదివారం

ఇమాస్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా కుర్చీ దగ్గర నిలబడింది.

"ఇబు, ఒక మాట అంటే కోప్పడరు కదా?"

"కోప్పడతాను. అను."

"బాపక్ మంచం కాళ్లకు చీమలు పట్టాయి. మీ టీ వల్ల. మీరు పట్టిస్తే సగం బయటికొచ్చేస్తోంది. నేను పట్టిస్తే చుక్క పోదు."

"మింగలేకపోతున్నాడు."

"మింగగలరు ఇబు. నేను పంచదార వేయకుండా ఇస్తున్నా. మీరు కోప్పడతారని చెప్పలేదు. ఆయన మావైపు మనిషే కదా, మాకు అలాగే అలవాటు."

"నలభై ఏళ్లు తాగాడు నా చేతి టీ."

ఇమాస్ తువ్వాలు మడతపెట్టింది. ఎదురు చెప్పి ఉంటే తిట్టేదాన్ని. మడుస్తూనే, "ఇంకోటి కూడా ఉంది," అంది. "మీరు ఆ బల్లి కథ చెప్పినప్పుడల్లా ఆయన నిద్రపోతారు. మీరు ముగించగానే లేస్తారు."

"అది అలసట. డాక్టరు చెప్పాడు."

"అలసటకు బల్లి సంగతి ఏం తెలుస్తుంది ఇబు?"

వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాను.


నవంబరు 18

మా గదిలో ఒక అలవాటుండేది. పది మీటర్లు ఒక మాట మీద ఉండి, ఒకటి ఎదురు చెబితే, ఆ ఒక్కదాన్ని చెడిపోయిన మీటరుగా తీసి పక్కన పెట్టడం. చాలాసార్లు అదే సరైన పని. కానీ ఎప్పుడో ఒకసారి ఎదురు చెప్పినదే నిజం చెబుతుంది. దాన్ని పారేసి, మిగిలినవాటితో లెక్క అందంగా పొసగించుకుని ఇంటికి పోతాం.

నేను వేలిని ఉంచుకున్నాను. అది నాకు అవునంది కాబట్టి. కళ్లు మూసుకోవడాన్ని అలసట అని పారేశాను. టీ ఉమ్మడాన్ని గొంతు జబ్బు అని పారేశాను. నీళ్ల దగ్గరికి వెళ్లి వచ్చేలోపు పడిపోయిన మనిషి, అంతకు ముందు నా మాట వింటూ ఏం చేశాడో ఈ పేజీల మొదట్లోనే నేనే రాసుకున్నాను. నాలుగో తేదీన. చూశాను.

నాతో పడని మాట విన్నప్పుడల్లా నువ్వు ఏం చేసేవాడివో నాకు తెలియదా? మీ అమ్మ ముందు, పెద్దాయన ముందు, రాతిహ్ పెళ్లి బేరాల్లో. కళ్లు మూసుకుని, అవతలివాళ్లది అయ్యేదాకా ఉండి, తెరిచేవాడివి. అరవని మనిషి కోపం అది.

అయితే ఆ కళ్లు మూయడమే నీ 'కాదు' అని ఇప్పుడే నమ్మను. ఇది నా కోరిక కావచ్చు. నేను ఒక్కదాన్నే చూసి, నేనే తేల్చుకుంటే, నేనూ ఆ ముల్లు లాంటిదాన్నే. రాతిహ్ రావాలి. అడగవలసింది అది, చూడవలసింది ఇమాస్. నేను నోరు మూసుకుంటాను. మూసుకోవడానికి ప్రయత్నిస్తాను.


నవంబరు 20

ఇవాళ పంచదార లేని టీ నేనే పట్టించాను. చుక్క పోలేదు. నలభై ఏళ్లు, కాంగ్. ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే చెప్పేవాడివా?


నవంబరు 23, శనివారం

రాతిహ్ పొద్దుటి రైల్లో వచ్చింది. సంగతి చెప్పాను. అది బ్యాంకు మనిషి, సంతకం సరిపోలితే తప్ప నమ్మదు. సరే ఇబు, ఒక్కసారి, అంది. ఆ గొంతులో నా మీద జాలి ఉంది. అది నాకు బల్లికంటే అసహ్యం.

ఇమాస్‌ని మంచం కాళ్ల దగ్గర, నీ కళ్లకు ఎదురుగా కూర్చోబెట్టాం. రాతిహ్‌కు ఏం అడగాలో నేను చెప్పలేదు. మొదట నన్ను కథ చెప్పమంది.

చెప్పాను. జీపులో చితెరాతై వచ్చాను, నువ్వు మీటరు అద్దం విప్పి చూపించావు, ముల్లు కింద ఎండిపోయిన బల్లి ఉంది. ఆ మాట దగ్గర నువ్వు కళ్లు మూసుకున్నావు.

"ముగించు ఇబు."

ముగించాను. తెరిచావు.

"ఇప్పుడు చీమలని చెప్పు."

జీవితంలో ఆ కథ ఎప్పుడూ అలా చెప్పలేదు. ముల్లు కింద చీమలున్నాయన్నాను. చీమలు పుట్ట పెట్టాయన్నాను. నువ్వు రెప్ప వేయకుండా నా వైపే చూశావు. ఆ చూపులో పొగరుందని ఇమాస్ తర్వాత అంది. నేను అనలేదు.

"ఏదో కలిసొచ్చింది," అంది రాతిహ్. కానీ కుర్చీ ముందుకు జరుపుకుంది. "బాపక్, నా పెళ్లి బోగోర్‌లో జరిగింది కదా?"

మూశావు.

"ఇక్కడే. మనింటి ముందు పందిట్లో."

తెరిచావు.

"ఆ రోజు వాన పడింది."

తెరిచే ఉన్నాయి.

"ఇబు అస్సలు ఏడవలేదు."

మూశావు. ఇమాస్ నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏడవలేదు, ఆ సంగతి వేరే రోజు తేల్చుకుందాం. ఇంతసేపూ నీ వేలు మాత్రం పట్టీ మీద టక్ టక్ అంటూనే ఉంది, ప్రతిదానికీ అవునవునని. దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

రాతిహ్ నీ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "బాపక్, నాతో జకార్తా వస్తావా?"

నువ్వు కళ్లు మూసుకున్నావు. అది ఆగింది. నువ్వు తెరవలేదు. బయట మీట్‌బాల్ సూపు బండివాడు గిన్నె వాయించుకుంటూ వీధి చివరిదాకా వెళ్లిపోయాడు. నువ్వు తెరవలేదు.

"సరే. సరే బాపక్. తెరువు. వద్దులే."

తెరిచావు.

రాతిహ్ వరండాలోకి వెళ్లి, ఆ గది ఇంకెవరికైనా ఇచ్చేయమని ఫోన్లో చెప్పింది. తర్వాత డాక్టరుకు కూడా చేసి, ఎవరు తప్పు చూశారో ఆయనకు బ్యాంకు భాషలో వివరించింది. అప్పుడప్పుడూ ఆ అమ్మాయిలో నేను కనబడతాను. వచ్చే నెల సెలవు పెడుతుందట. నడుం పట్టీ కట్టుకుంటానని నా దగ్గర మాట తీసుకుంది.

ఇంతకుమించి ఆశ పెట్టుకోవడం లేదు. కుడి చెయ్యి రాదు. మాట రాకపోవచ్చు. నిజంగా నిద్రపోయినప్పుడు, ఒప్పుకోనప్పుడు, రెండు రకాల కళ్లు మూయడాలకూ మధ్య తేడా నేను ఇంకా నేర్చుకోవాలి. నీలో చాలా మేర నాకు బూడిద రంగే. కానీ ఒక మూల వెలిగింది.

దీపాలు పెట్టే వేళకు కొండల మీద వాన మొదలైంది. నీ మొహం తుడుస్తూ, నువ్వు అడగవు కాబట్టి నేనే చెప్పాను: "కనిపిస్తున్నారు."

నువ్వు నన్నే చూశావు. కళ్లు మూయలేదు.

ఇంకో సంగతి, ఇది నీకు చెప్పేది కాదు. ఇవాళ కథ రెండు రకాలుగా చెప్పాక తోచింది. నువ్వు అద్దం మొదటిసారి విప్పింది సోమవారం, నేను జీపులో వచ్చి చూసింది మర్నాడు. బల్లి ముందే లోపల చచ్చి పడి ఉంటుంది. దాన్ని తినడానికి చీమలు చేరి ఉంటాయి. నువ్వు విప్పినప్పుడు బల్లి కనబడనంత చీమలు. నేను వచ్చేసరికి చీమలు పని ముగించుకుని వెళ్లిపోయాయి. రెండు మీటర్లూ సరైనవే. నలభై ఏళ్లలో ఇద్దరికీ ఇది తట్టలేదు. తట్టి ఉంటే మనకు పోట్లాడుకోవడానికి ఏం మిగిలేది? నీకు చెప్పను. రేపు మళ్లీ బల్లి అనే అంటాను, నువ్వు కళ్లు మూసుకో.

సోమవారం బజారులో ఇమాస్ చేత తెప్పించాల్సింది: చీమల సుద్ద, రెండు ముక్కలు. మంచం నాలుగు కాళ్ల చుట్టూ గట్టిగా గీయాలి, నువ్వు నిజంగా నిద్రపోయాకే. చూశావంటే గెలిచానంటావు. పంచదార తేనక్కర్లేదు, ఉన్నది నా ఒక్కదానికి చాలు.